ఒకటి విడిచి ఒకటి

చప్పుడు ఆగిపోయింది.

ఒక్కసారిగా. ఎవరో గొంతు పట్టి నొక్కినట్టు.

పొద్దటి నుంచి గోదావరి మీద ఆ ఇంజను రొద ఒక్కటే ఉంది. వాననూ వరదనూ మింగేసిన రొద. అది ఆగగానే వాన వినిపించింది. చెట్ల నడుమ నుంచి దూసుకుపోయే నీళ్లు వినిపించాయి. బోటులో ఎవరి ఒళ్లోనో పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

నయీముద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు.

సోమక్క నిలబడ్డ చోట సోమక్క లేదు.

నీళ్లున్నాయి. మట్టి నీళ్లు. వాటి మీద వాన చుక్కలు.

అంతే.

*

అది పాత బోటు. వచ్చిన నాడే పాతది.

డెబ్బై అయిదులో లారీ మీద వరంగల్ వచ్చింది. అంతకుముందు ఏ నీళ్లలో తిరిగిందో, ఎన్ని చేతులు మారిందో కాగితాల్లో లేదు. ములుగు రోడ్డులో సర్కారు వాళ్ల రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో దించారు. గోదావరికి వరదొస్తే జనాన్ని తేవడానికి అన్నారు. మెకానిక్ నయీముద్దీన్‌ను పిలిచి, ఇగ దీని మంచీ చెడూ నీదే అన్నారు.

అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. తొర్రూరు చుట్టుపక్కల బావుల మీద ఆయిలింజన్లు బాగు చేసీ చేసీ సర్కారు కొలువులో పడ్డవాడు. బోటు ఎక్కింది లేదు. ఈత మాత్రం వచ్చు.

వెల్లకిలా పడుకుని బోటు కిందికి దూరాడు.

తెడ్డు లేదు. బయట తిరిగే రెక్క లేదు. కడుపు కింద ఒక నోరు. వెనుక ఒక మూతి. నడుమ పంకా. నోటితో నీళ్లు పీలుస్తుంది, మూతితో వెనక్కి చిమ్ముతుంది. ఆ చిమ్ముడుకే ముందుకు ఉరుకుతుంది.

బయటికొచ్చి నవ్వాడు. ఇది పంపే గదా అన్నాడు. పొలానికి నీళ్లు పెట్టే పంపు. కాకపోతే నీళ్లు పోయేటి చోట ఇది పోతాంది...

ఆ నోటికి ఇనుప కమ్ముల జాలి ఉంది. కమ్మికీ కమ్మికీ నడుమ వేలెడు సందు. చెత్త లోపలికి పోకుండా. చెయ్యి లోపలికి పోకుండా.

బయట రెక్క లేదు కాబట్టి మనిషికి దెబ్బ తగలదు. మునుగుతున్న మనిషి పక్కకే పోయి ఆగొచ్చు. ఈ మాట ఆయన ఎంతమందికి చెప్పాడో. భార్య సుల్తానా బేగంకు చెప్పాడు. చాయ్ హోటల్లో చెప్పాడు. షెడ్డుకొచ్చిన ప్రతి కొత్త ఆఫీసరుకూ చెప్పాడు.

ఎవరికీ దెబ్బ తగలదు సార్.

*

పదకొండేళ్లు.

పదకొండేళ్లు ఆ బోటును ఆయన బతికించాడు.

పంకాకూ, దాని చుట్టూ ఉన్న కంకణానికీ నడుమ పోస్టుకార్డు మందం సందు ఉండాలి. అంతకు మించితే ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. ఇసుక నీళ్లు కంకణాన్ని తింటాయి. ఏటా తింటాయి. ఏటా ఆయన పోస్టుకార్డు దోపి చూసేవాడు. కార్డు వదులుగా జారితే స్టేషన్ దగ్గర లేతు మిషను మీద కొత్త కంకణం కోయించేవాడు. దానికి సామాన్లు అమ్మే దుకాణం దేశంలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇరుసు బోటులోకి వచ్చే చోట నూనె తాడు చుట్టాలి. గట్టిగా బిగించొద్దు. చుక్క... చుక్క... నీరు కారుతూ ఉండాలి. కారడం ఆగిందంటే లోపల ఇరుసు కాలుతున్నట్టు. బోటు కారుతాంది నయీం అని ఆఫీసర్లు కంగారు పడేవారు. కారాలె సార్, కారితేనే బాగున్నట్టు అనేవాడు.

వెనుక మూతిలో కందిరీగలు గూడు పెట్టేవి. తీసేవాడు. మళ్లీ పెట్టేవి. మళ్లీ తీసేవాడు.

ఏటా రోహిణి కార్తెలో బోటును పాలంపేటకు తీసుకుపోయి రామప్ప చెరువులో దించేవారు. నడిపేది కొమురెల్లి. ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి. పొద్దున్నే కదలని నీళ్లు. ఆ నీళ్లను చీల్చుకుంటూ తెల్లటి నీటి తోక విసురుతూ బోటు పోయేది. ఒడ్డున పశువులు తలలెత్తేవి. నయీముద్దీన్ కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు. చప్పుడు విని ఏ బోల్టు వదులుందో చెప్పేవాడు.

రెండు గుణాలు మాత్రం ఆయన చేతికి లొంగలేదు.

ఒకటి... వేడి మీద ఇంజను ఆపితే మళ్లీ అందుకోదు. చల్లారాలి. పావుగంట, ఒక్కోసారి అరగంట.

రెండోది... ఇంజను తిరిగినంతసేపూ పంకా తిరుగుతుంది. విడదీసే పిడి లేదు. వెనుక మూతికి మూత దించి బోటును నిలబెట్టొచ్చు. కానీ నిలబడ్డా ఆ నోరు పీలుస్తూనే ఉంటుంది.

పీలుస్తూనే ఉంటుంది.

*

ఎనభై మూడులో వాగు పొంగింది. పెద్ద వరద కాదు. ఏటూరునాగారం దిక్కు ఒక గూడెం చుట్టూ నీళ్లు చేరాయి. బోటు పోయింది. ఎనిమిది మందిని ఎక్కించుకుంది. తిరిగి వస్తుంటే నడి నీళ్లలో ఇంజను అరిచింది, బోటు ఆగింది.

గుర్రపుడెక్క. గడ్డి. తామర కాడలు. ఏ చెరువు తెగి వచ్చిందో ఆ చెత్తంతా జాలికి చాపలా అతుక్కుంది. నోరు మూసుకుపోయింది. నయీముద్దీన్ నీళ్లలోకి దిగి చేతులతో పీకాడు. పీకితే మళ్లీ అతుక్కుంది. ఇంజను వేడెక్కి ఆగింది. బోటు అడ్డం తిరిగి కొట్టుకుపోయింది. మద్దిచెట్టు ఒకటి తగిలితే కొమ్మలు పట్టుకున్నారు.

కట్టయ్య అనే ముసలాయన పట్టుకోలేకపోయాడు.

కొమ్మ చేతికందింది. తడి కొమ్మ. వేళ్లు జారాయి. అరవలేదు. నయీముద్దీన్ వైపు చూస్తూనే పోయాడు... ఏదో అడగబోయి మరిచిపోయినట్టు.

శవం మూడో రోజు దొరికింది.

ఆ తర్వాత వారం రోజులు నయీముద్దీన్ షెడ్డులో బోటు కింద పడుకుని ఆ జాలినే చూశాడు. తర్వాత రంపపు బ్లేడు తీసుకున్నాడు.

ఒకటి విడిచి ఒకటి.

కమ్ములు కోశాడు. ఒకటి ఉంచాడు, ఒకటి కోశాడు. ఒకటి ఉంచాడు, ఒకటి కోశాడు. కోసిన చోట ఆకురాయితో నున్నగా రుద్దాడు. ఇప్పుడు గడ్డి వచ్చినా సందులోంచి లోపలికి పోతుంది, పంకా దాన్ని తరిగి వెనక్కి చిమ్మేస్తుంది. నోరు మూసుకుపోదు. బోటు ఆగదు. ఇంకో కట్టయ్య పోడు.

పని అయ్యాక ఆ సందులో చెయ్యి పెట్టి చూశాడు.

పోయింది.

మోచేతి దాకా పోయింది.

కాసేపు అట్లనే ఉంచాడు చేతిని. లోపల పంకా అంచు వేళ్లకు తగిలింది. చల్లగా. తర్వాత చెయ్యి తీసుకుని, గ్రీజు తుడుచుకుని, ఇంటికి పోయాడు.

కొమురెల్లికి ఒక్కడికే చెప్పాడు. మనుషులను ముందర నిచ్చెన మీద నుంచే ఎక్కించాలె అన్నాడు. ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలె అన్నాడు. కొమురెల్లి సరే అన్నాడు.

ఆ ఏడు రామప్ప చెరువులో తామర తీగల్లోంచి బోటు కత్తిలా పోయింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు నయీముద్దీన్ భుజం తట్టాడు. ఏం చేసినవ్ అని ఎవరూ అడగలేదు.

ఎనభై నాలుగు. ఎనభై అయిదు.

ఒక్కసారి కూడా ఆగలేదు బోటు.

*

ఎనభై ఆరు, ఆగస్టు.

అట్లాంటి గోదావరిని ముసలివాళ్లు కూడా చూడలేదన్నారు. ఒడ్డు లేదు. అవతలి గట్టు లేదు. నది ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియని నీళ్లు. తాటిచెట్ల తలలు నీళ్ల మీద నడుస్తున్నట్టు కనిపించాయి. ఇళ్ల కప్పులు పోతున్నాయి. గడ్డివాములు పోతున్నాయి. ఒక గడ్డివాము మీద కోడి నిలబడి పోతోంది.

మంగపేటకు ఎగువన ఒక పల్లె. పల్లె మునిగింది, దాని పక్కన దిబ్బ మిగిలింది. దిబ్బ మీద ముప్పై మందికి పైగా జనం. ముప్పావు దిబ్బ అప్పటికే పోయింది.

మొదటి ట్రిప్పు పది మంది. బాగా జరిగింది.

రెండో ట్రిప్పు. చెప్పుకున్న ప్రకారం ఇంజను ఆపి ఎక్కించారు. ఎక్కాక ఇంజను అందుకోలేదు. కట్టిన తాడు తెగింది. బోటు మెల్లగా... మెల్లగా... నడి ప్రవాహం వైపు తిరిగింది. బోటులో పన్నెండు మంది.  నయీముద్దీన్‌కు మద్దిచెట్టు గుర్తొచ్చింది. తడి కొమ్మ గుర్తొచ్చింది. ఏడోసారికో ఎనిమిదోసారికో ఇంజను అందుకుంది. తిరిగేటప్పుడు కొట్టుకొచ్చిన దుంగ తగిలి ముందర నిచ్చెన విరిగిపోయింది.

మూడో ట్రిప్పు. మధ్యాహ్నం రెండయింది. దిబ్బ మీద పదకొండు మంది మిగిలారు. వాళ్ల నడుం దాకా నీళ్లు.

కొమురెల్లి బోటును తాటిచెట్టుకు కట్టించి ఇంజను ఆపబోయాడు.

"ఆపకు అన్నా," అన్నాడు నయీముద్దీన్.

కొమురెల్లి ఆయన ముఖం వైపు చూశాడు. "నిచ్చెన లేదు భాయ్. ఎనక నుంచి ఎక్కాలె."

"ఆపితే మల్ల అందుకోదు. జల్ది ఎక్కిద్దాం. ఆపకు."

అవే మాటలు. ఆ మాటలు అన్నది ఆయన నోరే.

వెనుక భాగం కాస్త కిందికి ఉంటుంది, పీల్చే నోరు దాని దగ్గరే. అక్కడ కాలు పెట్టి ఎక్కారు. నయీముద్దీన్ పై నుంచి చేతులు పట్టి లాగాడు. కింద నుంచి ఒక పడుచు మనిషి ఎక్కిస్తోంది. సోమక్క. ఇరవై ఆరేళ్లుంటాయి. నాట్లు వేసే మనిషి, బలమైన భుజాలు. తన తల్లి భద్రమ్మను మొదలు ఎక్కించింది. పసిబిడ్డను అందించింది. బిడ్డ తల్లిని ఎక్కించింది. ముసలాయనను భుజం మీదికి ఎత్తి మరీ తోసింది. పక్కకు జరుగు బిడ్డా, నీళ్లకు దూరముండు అని నయీముద్దీన్ రెండుసార్లు అన్నాడు. ఆ రొదలో ఆమెకు వినిపించిందో లేదో.

పది మంది ఎక్కారు. ఇక సోమక్కే. నయీముద్దీన్ పదో మనిషిని లోపల కూర్చోబెట్టడానికి అటు తిరిగాడు.

చీర కొంగు నీళ్ల మీద తేలుతోంది. పసుపుపచ్చ కొంగు. అది బోటు కిందికి పోతుంటే చూసింది సోమక్క. ఏ కొమ్మకో చిక్కిందనుకుంది. లాక్కుందామని వంగింది. కుడిచేత్తో.

ఇంజను గొంతు మారింది.

చప్పుడు ఆగిపోయింది.

*

ఆయన దూకాడు.

నీళ్ల కింద ఏమీ కనిపించలేదు. చేతులే కళ్లు. చీర దొరికింది... తాడులా పురి తిరిగి బిగిసిన చీర. దాని వెంట పోతే భుజం దొరికింది. భుజం వెంట పోతే చెయ్యి. చెయ్యి వెంట పోతే...

కమ్మి తగిలింది. నున్నటి అంచు తగిలింది.

తను రుద్దిన అంచు.

ఆ నీళ్ల అడుగున, ఊపిరి బిగబట్టి, ఆ అంచు మీద వేలు పెట్టి ఆయన ఒక్క క్షణం కదలలేకపోయాడు. ఎంతసేపో తెలియదు. ఒక్క క్షణమే అయ్యుండాలి. జీవితమంతా అయినట్టనిపించింది.

తర్వాత చేతులు వాటంతట అవే పనిచేశాయి. జేబులో కత్తి. చీర కోశాడు. ఆమె తల కింద చెయ్యి వేసి ముఖం నీళ్ల మీదికి లేపాడు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. వాన ఆ కళ్లలో పడుతోంది.

ఇరుసు చేత్తో ఎనక్కి తిప్పమని కొమురెల్లికి చెప్పాడు. కొమురెల్లి పానా వేసి తిప్పాడు. పావు చుట్టు. అర చుట్టు. చెయ్యి వదిలింది. ఆమెను బోటులోకి లాగారు.

ముంజేయి సగం నుంచి కిందికి... దాన్ని చెయ్యి అనడానికి లేదు.

ఆమె అరవలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది. తన నడుముకు చుట్టిన తువ్వాల తీసి, పళ్లతో పట్టి, గట్టిగా కట్టు కట్టాడు. భద్రమ్మ కూతురి తలను ఒళ్లో పెట్టుకుని కూచుంది.  పదిమందీ వానలో కూచున్నారు. పంకాకు చీర చుట్టుకుని ఉంది. బోటు తాటిచెట్టుకు వేలాడుతూ ఊగింది.

రెండు గంటలు ఊగింది.

జాలర్ల నాటు పడవ వచ్చి అందరినీ దింపింది. పదకొండు మందీ బతికారు.

*

సోమక్కను ములుగు తీసుకుపోయారు. అక్కడి నుంచి వరంగల్ దవాఖానకు. మోచేతి దగ్గర తీసేశారు.

వారం తర్వాత రిపోర్టు రాశారు. పాత బోటు. వరదలో దుంగలు తగిలి జాలి కమ్ములు విరిగినవి. అనుకోని ప్రమాదం. మెకానిక్ ప్రాణాలకు తెగించి స్త్రీని కాపాడినాడు.

నయీముద్దీన్ ఆ కాగితం చదివాడు. రెండుసార్లు చదివాడు. ఇంజనీరు దగ్గరికి పోయి, విరిగినవి కావు సార్, నేను కోసినవి అన్నాడు. ఇంజనీరు తలుపు వైపు చూశాడు. రిపోర్టు పోయింది నయీం, నీకు మంచి పేరొచ్చింది, ఇంటికి పోయి నిద్రపో అన్నాడు.

నిద్ర.

అన్నం కలుపుకుంటే కలుపుతున్న చేతిని చూస్తూ ఉండిపోయేవాడు. మోచేతి దాకా చూసేవాడు. తినకుండానే లేచేవాడు. సుల్తానా బేగం నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు కంచం పక్కకు జరిపి ఎదురుగా కూచుంది. ఆయన మొత్తం చెప్పాడు. కట్టయ్య కాడి నుంచి చెప్పాడు. సందులో చెయ్యి పెట్టి చూసుకున్న సంగతి చెప్పాడు.



"ఆమెకు చెప్పినవా?" అంది సుల్తానా బేగం.

*

దవాఖానలో ఆడవాళ్ల వార్డు. గోడ పక్క మంచం. కిటికీ అవతల కాకులు.

ఆయనను చూడగానే భద్రమ్మ లేచింది. రెండు చేతులూ పట్టుకుంది. కళ్లకద్దుకుంది. పక్క మంచాల వాళ్లకు చూపించింది... ఈ తురక బిడ్డే నీళ్లల్ల దుంకిండు, ఈ చేతులే నా బిడ్డను తీసినయ్ అని. నీ ఇల్లు సల్లగుండ అంది. చాయ్ తెస్తానని కొంగున ముడి విప్పుకుంటూ బయటికి పోయింది. వద్దంటున్నా వినలేదు.

ఆయన మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు.

సోమక్క నవ్వింది. కొంచెం. కుడిచేతి వైపు దుప్పటి చదునుగా ఉంది.

"ఆ బోటుకు కింద జాలి ఉంటది," అన్నాడు. "చెయ్యి పోకుంట. దాన్ని నేనే కోసిన."

ఆమె నవ్వు ముఖం మీద అట్లనే ఉండిపోయింది. తీయడం మరిచిపోయినట్టు.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. గుర్రపుడెక్క. మద్దిచెట్టు. కట్టయ్య. రంపపు బ్లేడు. ఇంజను ఆపవద్దన్నది కూడా తనేనన్నాడు. ఏదీ మినహాయించలేదు. గొంతు వణకలేదు. అట్లా వణకకుండా చెప్పగలగడం ఆయనకే వింతగా ఉంది... ఎవరో చెబుతుంటే తను వింటున్నట్టు.

అయిపోయింది. ఇక చెప్పడానికి లేదు.

ఆమె పైకప్పు వైపు చూస్తోంది. పంకా తిరుగుతోంది పైన. చూపు మళ్లించుకుంది.

"కొయ్యకుంటే," అంది, "బోటు మా దిబ్బ కాడికి వచ్చేదా?"

ఆయన ఆలోచించాడు. ఆ రోజు నీళ్లలో ఎంత గడ్డి ఉంది. ఎంత చెత్త ఉంది. మూడు ట్రిప్పులు. ముప్పై మూడు మంది. ఆలోచించాడు. రావొచ్చు. రాకపోవచ్చు. వచ్చేదంటే తప్పంతా తనది, వచ్చేది కాదంటే తప్పు మాసిపోతుంది.

"తెలవదు," అన్నాడు. "తెలవదు బిడ్డా."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం ఏమిటో ఆయనకు అంతుబట్టలేదు.

"జర ఆ నీళ్లు అందియ్యి."

బల్ల మీద గ్లాసు ఆమెకు కుడిపక్కన ఉంది. తీసి ఇచ్చాడు. ఎడమ చేత్తో పట్టుకుంది. కొన్ని మెడ మీదికి ఒలికాయి. తుడవబోయాడు. తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తాగింది. గ్లాసు తిరిగి ఇవ్వలేదు. ఎద మీద పెట్టుకుని పట్టుకుంది.

"ఇగ పో," అంది.

కోపం లేదు అందులో. చల్లదనమూ లేదు.

ఆయన కదిలేలోపు భద్రమ్మ వచ్చింది, చాయ్ గ్లాసు అంచు పట్టుకుని, వేళ్లు కాలుతుంటే మార్చుకుంటూ. పోతున్నవేంది బిడ్డా, తాగి పో అంది. గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

సోమక్క తల్లి వైపు చూసింది. ఆయన వైపు చూసింది. నోరు తెరిచింది.

ఆయన ఎదురుచూశాడు. ఆమె తల్లికి చెప్పాలనే ఎదురుచూశాడు.

"తాగనియ్యవ్వా," అంది తల్లితో. గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

చాయ్ మీద పొగ. వేళ్లు కాలుతున్నాయి. ఆయన తాగలేదు. కింద పెట్టలేదు. భద్రమ్మ ఏదో చెబుతోంది... కొత్త బోటు వస్తదట గదా, నువ్వే చూస్తవట గదా అని.

కిటికీ అవతల వాన మళ్లీ మొదలైంది. మొదట ఆకుల మీద. తర్వాత రేకుల మీద. తర్వాత అన్నిటి మీదా...

వార్డులో అంతమంది మనుషులు. ఆయనకు వాన ఒక్కటే వినిపిస్తోంది.